మళ్ళీ మళ్ళీ వెళ్ళగలిగిన చోటు: డిగ్రీలో భౌతిక భూగోళ ప్రాజెక్టు వేసుకోవడం గురించి

(విశాఖపట్నంలో డిగ్రీ భూగోళశాస్త్రం విద్యార్థులకు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ వాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. నోట్సు రాసుకోనక్కర్లేదు. వినండి చాలు. రాసుకోవాల్సినవి వచ్చినప్పుడు నేనే చెప్తాను.

ప్రాజెక్టు టైటిళ్ళు రాసిమ్మంటే మీరు ఇచ్చిన కాగితాలు నిన్న రాత్రి కూర్చుని అన్నీ చదివాను. 'విశాఖ జిల్లాలో వాతావరణ మార్పు'. 'తూర్పు కనుమల్లో నేల కోత'. 'ఆంధ్రప్రదేశ్ తీరరేఖలో మార్పులు'. మంచి విషయాలే, ముఖ్యమైన విషయాలే. అయితే ప్రతి కాగితం మీదా పెన్సిలుతో ఒకటే ప్రశ్న రాశాను. ఇక్కడికి నువ్వు ఎన్నిసార్లు వెళ్తావు?

ఆలోచించండి. తూర్పు కనుమలకి ఎన్నిసార్లు వెళ్తారు? ఒకసారి అరకు రైలెక్కుతారు. కిటికీలోంచి ఫొటోలు తీస్తారు. రెండు చోట్ల మట్టి పొట్లం కట్టుకొస్తారు. ఆ తర్వాత? మిగతా పేజీలన్నీ ఎక్కడినుంచి వస్తాయి? నెట్‌లోంచి వస్తాయి, పాత డిసెర్టేషన్లలోంచి వస్తాయి. వైవాలో అడిగేవాళ్ళకి ఆ సంగతి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. వాళ్ళ సంగతి వదిలేయండి, అసలు మీకు దాంట్లో ఏం మిగులుతుంది?

మన శాస్త్రం దేని గురించి? నేల ఎలా మారుతుందన్న దాని గురించి. గాలి, నీరు, అల, వేడి, ఇవి నేలని ఎలా మారుస్తున్నాయన్న దాని గురించి. మారిందని చెప్పాలంటే కనీసం రెండుసార్లు చూడాలి కదా? రెండుసార్లు చూస్తే తేడా కనిపిస్తుంది. ఆ తేడా ఏటా వచ్చిపోయేదా, ఈసారే కొత్తగా వచ్చిందా? అది తెలియాలంటే పదిసార్లు చూడాలి. అందుకే నేనంటాను, మీ ప్రాజెక్టుకి మొదటి కాగితం మీ బస్ పాస్. పదిహేను రోజులకోసారి, క్లాసు పోకుండా, ఇంట్లో డబ్బులు అడక్కుండా వెళ్ళి, చీకటి పడేలోపు ఇంటికి రాగలిగిన చోటు ఏది? ముందు అది తేల్చుకోండి. ప్రశ్న ఆ చోటులోంచే పుడుతుంది.

మన ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఈ విషయంలో లోటేమీ లేదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ, కొండలోంచి దిగే గెడ్డలు, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి దగ్గర గోస్తని నది సముద్రంలో కలిసే చోటు. అన్నీ సిటీ బస్సు దూరంలోనే. ఇన్ని రకాల నేల ఒకే ఊరి చుట్టూ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఇవాళ ఒక్క బీచ్‌నే ఉదాహరణగా తీసుకుని మొదటినుంచి చివరిదాకా చెప్తాను. మీ విషయం వేరైనా పద్ధతి ఇదే.

మన తీరం వెంబడి ఇసుక నడుస్తూ ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఏటవాలుగా వచ్చి ఇసుకని ఉత్తరం వైపు తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణం వైపు తోస్తాయి. మొత్తం లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఇప్పుడు మధ్యలో హార్బరు ఉంది. ఔటర్ హార్బరు 1976లో వచ్చింది. దాని గోడలు సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉన్నాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడ ఆగిపోతే ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి ఏం మిగులుతుంది? అందుకే డ్రెడ్జింగులో, అంటే సముద్రం అడుగు తవ్వేటప్పుడు, తీసిన ఇసుకని తెచ్చి బీచ్‌లో పోయించడం దశాబ్దాలుగా జరుగుతోంది. మీలో చాలామంది ఆ పైపులు చూసే ఉంటారు.

ఇదంతా కొత్త సంగతి కాదు. 1950లలో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఇక్కడివాళ్ళతో కలిసి వాల్తేరు బీచ్ ఎప్పుడు కోతకి గురవుతుంది, ఎప్పుడు మేట వేస్తుందన్నది అప్పుడే రాశారు. అంటే మీరు దిగబోయే నీళ్ళలో డెబ్భై ఏళ్ళ కిందటే ఒకరు దిగారు. ఇంతకుముందు ఎవరేం రాశారో చదవమని అనేది ఇందుకే, వాళ్ళు ఎక్కడ ఆపారో తెలిస్తే మీరు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. పదిహేను వ్యాసాలు శ్రద్ధగా చదవండి. యాభై పేర్లు చివర పేర్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

సరే, ఇప్పుడు ప్రశ్న. 'ఆర్కే బీచ్ కోత', ఇది ప్రశ్నేనా? కాదు, ఇది పేరు. ప్రశ్న అంటే ఇలా ఉండాలి, ఇది రాసుకోండి: 'హార్బరుకి దగ్గరగా ఉన్న కోస్టల్ బ్యాటరీ దగ్గరా, దూరంగా ఉన్న జోడుగుళ్ళపాలెం దగ్గరా ఆగస్టు నుంచి జనవరి దాకా ఇసుక పెరిగిందా, తరిగిందా? రెండుచోట్లా ఒకేలా జరిగిందా?' ఇందులో చోటు ఉంది, కాలం ఉంది, పోలిక ఉంది. ఏం కొలవాలో ప్రశ్నే చెప్తోంది. జవాబు ఎటు వచ్చినా మీ పని నిలబడుతుంది. ఒకేలా జరిగింది అని తేలిందనుకోండి, అదీ ఫలితమే. ప్రశ్న రాసుకున్నాక మీ ఇంట్లో అమ్మకి చదివి వినిపించండి. ఆవిడకి అర్థం కాకపోతే అది ఇంకా ప్రశ్న కాలేదన్నమాట.

ఎలా కొలుస్తారు? మన దగ్గర ఖరీదైన పరికరాలు లేవండీ అని ఎప్పుడూ ఎవరో ఒకరు అంటారు. ఈ రెండు పీవీసీ పైపులు చూడండి. ఒక్కోటీ మీటరున్నర పొడవు. పైన సున్నా పెట్టి కిందికి సెంటీమీటరుకో గీత గీశాను. ఇది 1961లో ఎమరీ అనే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి. దీనికి కావలసింది రెండు కర్రలు, సముద్రం మీద ఆకాశం కలిసే గీత, అంతే. మన బీచ్ తూర్పుకి తెరుచుకుని ఉంది కాబట్టి ఆ గీత మనకి ఉచితంగా దొరుకుతుంది.

నాన్నా, నువ్వు రా. ఇది పట్టుకుని ఆ తలుపు వైపు, అంటే సముద్రం వైపు నిలబడు. నేను రోడ్డు వైపు ఉన్నాను. మా ఇద్దరి మధ్యా మూడు మీటర్లు. బీచ్ కిందికి వాలుతోంది కాబట్టి నీ పైపు నా పైపు కంటే కొంచెం కింద ఉంటుంది. ఇప్పుడు నేను నా పైపు పక్కన వంగి, నీ పైపు పై కొసా దూరంగా ఉన్న ఆ ఆకాశపు గీతా ఒకే వరసలోకి వచ్చేదాకా కన్ను కిందికి దించుతాను. ఆ వరస నా పైపుని ఎక్కడ తాకిందో అక్కడ అంకె చదువుతాను. పద్దెనిమిది అనుకోండి. అంటే మూడు మీటర్లలో నేల పద్దెనిమిది సెంటీమీటర్లు దిగింది. మధ్యలో ఇసుక గట్టులా లేచినచోట దీన్ని తిప్పాలి. అప్పుడు నా పైపు కొసని ఆకాశపు గీతతో కలిపి, నీ పైపు మీద అంకె చూస్తాను. నేను నువ్వున్న చోటికి వస్తాను, నువ్వు ఇంకో మూడు మీటర్లు ముందుకి వెళ్తావు. అరవై మీటర్ల బీచ్‌కి ఇలా ఇరవై సార్లు. ఇరవై అంకెలు. గ్రాఫ్ కాగితం మీద పెడితే ఆ రోజు బీచ్ ఆకారం మీ కళ్ళముందు ఉంటుంది. వచ్చేసారి గీసిన గీతని దాని మీద పెడితే మధ్యలో మిగిలిన జాగా ఏమిటి? పోయిన ఇసుక, లేదా వచ్చిన ఇసుక. దాన్ని మీటరు వెడల్పుకి ఇన్ని ఘనపు మీటర్లని లెక్క కట్టొచ్చు. చూశారా, రెండు పైపులతో!

థాంక్యూ నాన్నా, కూర్చో.

ఇక్కడే ఒక్క క్షణం ఆగాలి. అంకె వచ్చింది. ఆ అంకెని ఎంతవరకు నమ్మొచ్చు? ఒక్కో రీడింగులో ఒక సెంటీమీటరు అటూ ఇటూ అవుతుందనుకుందాం. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయితే ఇరవై సార్లు కొలిచాక పోగయ్యే తేడా నాలుగైదు సెంటీమీటర్లు. అదే ప్రతిసారీ ఒకే వైపుకి తప్పు జరిగితే? ఉదాహరణకి ముందు పైపు ప్రతిసారీ తడి ఇసుకలో ఒక సెంటీమీటరు దిగబడుతోందనుకోండి. అప్పుడు ఇరవై సెంటీమీటర్లు! బీచ్‌లో లేని మార్పు మీ కాగితంలో కనిపిస్తుంది. అందుకే పైపు అడుగున చిన్న పళ్ళెంలా రేకు ముక్క బిగించండి. మూడు మీటర్లు కొలవడానికి నైలాన్ తాడు వాడకండి, లాగితే సాగుతుంది. ఇంకో సంగతి. ఆకాశపు గీత నిజానికి మన కంటి సమతలం కంటే కొద్దిగా కిందే ఉంటుంది, భూమి గుండ్రంగా ఉంది కదా. మన కన్ను సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి అరవై మీటర్లలో నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్లు తేడా వస్తుంది. దీనికి భయపడక్కర్లేదు. ఇది ప్రతిసారీ దాదాపు అంతే ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. ఏ తప్పు పోతుంది, ఏ తప్పు పోగవుతుంది అన్నది మీరు ముందే ఆలోచించి ఉండాలి.

దానికో పరీక్ష ఉంది. మొదటి రోజే, రోడ్డు నుంచి నీళ్ళదాకా ఒకే గీత మీద, ఒకే గంటలో, రెండు టీములు విడివిడిగా కొలవండి. ఒకరి అంకె ఇంకొకరికి చెప్పొద్దు. చివర్లో రెండింటికీ పది సెంటీమీటర్ల తేడా వచ్చిందా? అయితే ఆ తర్వాత మీరు ఎనిమిది సెంటీమీటర్ల కోత గురించి మాట్లాడే హక్కు లేదు. ఈ ఒక్క పేజీ ఉన్న ప్రాజెక్టుని నేను గౌరవంగా చదువుతాను. మంచి మంచి రిపోర్టుల్లో కూడా ఈ పేజీ ఉండటం లేదు. నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు చెప్పబోయేది నా అనుభవం. కొన్నేళ్ళ కిందట ముగ్గురు పిల్లలు నా దగ్గర ఇదే పని చేశారు. కొలత మొదలుపెట్టే గుర్తు ఒక షెడ్డు గచ్చు మూల మీద పెయింటుతో పెట్టుకున్నారు. నేనూ చూసి సరే అన్నాను. ఏడుసార్లు కొలిచారు. నవంబరులో ఎనిమిదోసారి వెళ్తే షెడ్డు లేదు. గచ్చు పగలగొట్టి ఇంకా ఎత్తుగా కొత్తది పోశారు. పాత ఏడు కొలతల్నీ కొత్త కొలతలతో కలపడానికి దారి లేకుండా పోయింది. ఆ అమ్మాయి నా టేబుల్ ముందు నిలబడి ఏడ్చింది. తప్పు పిల్లలది కాదు. గైడ్‌గా రెండో గుర్తు పెట్టించాల్సింది నేను, పెట్టించలేదు. ఆ రోజు నుంచి నేను ఎవరికి చెప్పినా మూడు గుర్తులు అంటాను. ఒకటి పెట్టండి. దానికి దూరంగా, బీచ్ రోడ్డు గోడ మీద ఒకటి, ఇంకెక్కడైనా రాతి మీద ఒకటి. వాటి మధ్య దూరం, ఎత్తు తేడా కొలిచి రాసుకోండి. ఫొటో తీసుకోండి. ఒకటి పోయినా మిగతా రెండూ దాన్ని తిరిగి చెప్తాయి.

ఎప్పుడు వెళ్ళాలి? దీనికి పంచాంగం చూడండి! నిజంగానే చెప్తున్నాను. అమావాస్యకీ పౌర్ణమికీ, ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా, ఆటుపోట్లు బాగా పెద్దవిగా ఉంటాయి. అప్పుడు నీళ్ళు బాగా వెనక్కి వెళ్తాయి, బీచ్ ఎక్కువ బయటపడుతుంది. పైగా ఒకే చోట పదిహేను రోజులకోసారి ఆ వేళ ఇంచుమించు అదే గంటకి వస్తుంది. సరైన సమయం కోసం ఆటుపోట్ల వేళలు ఇచ్చే టైడ్ టేబుల్ చూసుకోండి. ఆగస్టు నుంచి జనవరి దాకా లెక్కేస్తే పన్నెండు సార్లు. రెండు చోట్లా రెండేసి గీతలు, నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది. పరీక్షలకీ పండగలకీ రెండు సార్లు పోయినా నలభై మిగులుతాయి. రాయడానికి ఫిబ్రవరి అంతా ఉంచండి. మొత్తం ఫిబ్రవరి. ప్లాన్‌లో తుపాను కూడా ఉండాలి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న మన ఊరి మీదే తీరం దాటింది, అప్పుడు మీరు చిన్నపిల్లలు. అక్టోబరు, నవంబరు మనకి ఆ కాలమే. తుపాను వచ్చినప్పుడు ఎవ్వరూ బీచ్‌కి వెళ్ళకూడదు, హెచ్చరిక ఎత్తేశాక, సముద్రం నెమ్మదించాక వెళ్ళి కొలవండి. ముందు కొలత మీ దగ్గర ఉంటేనే ఆ తర్వాతి కొలతకి విలువ.

ప్రతిసారీ పుస్తకంలో పెన్సిలుతో రాయండి, పెన్ను తడికి చెదిరిపోతుంది. తేదీ, గంట, ఎవరు చదివారు, అలలు ఎలా ఉన్నాయి, ఆ వారంలో బీచ్‌లో ఇసుక పోయించారా? ఈ చివరిది మర్చిపోతే మనుషులు పోసిన ఇసుకని సముద్రం తెచ్చిందని రాసేస్తారు. సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ పేజీ ఫొటో తీసి మీ గ్రూపులో పెట్టండి. ఇసుక కూడా గమనించండి. కొన్ని రోజులు బీచ్ మీద నల్లటి చారలు కనిపిస్తాయి. పెద్ద అలలు తేలికపాటి ఇసుకని లాక్కుపోతే ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి బరువైన రేణువులు మిగిలిపోతాయి. చిన్న అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి ఆ చార మీద తిప్పండి, మాగ్నటైట్ మీసంలా అంటుకుని లేస్తుంది. గులాబీ రంగు రేణువులు కనిపిస్తే అవి గార్నెట్, మన కొండల్లోని ఖొండలైట్ రాయి అరిగి వచ్చినవి. కైలాసగిరి రాయి మీ అరచేతిలో ఉన్నట్టే.

జాలరిపేట వాళ్ళతో మాట్లాడండి. 'అన్నా, నిరుడు ఈ నెలలో పడవ ఎక్కడ పెట్టేవారు, ఇప్పుడెక్కడ పెడుతున్నారు?' అని అడగండి. పడవ పెట్టే చోటు జరిగిందంటే బీచ్ జరిగినట్టే. వాళ్ళు చెప్పింది వాళ్ళు చెప్పినట్టే రాయండి, ఎవరు చెప్పారో రాయడానికి ముందు వాళ్ళని అడగండి.

ఇంక ఉపగ్రహ చిత్రాలు. చాలామందికి దీని మీదే మనసు, నాకు తెలుసు. ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితం, సెంటినెల్ చిత్రాలు ఉచితం, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మన ఇస్రో వాళ్ళ భువన్ వెబ్‌సైట్ ఉంది. వాడండి, తప్పకుండా వాడండి. కానీ ల్యాండ్‌శాట్‌లో ఒక గడి ముప్పై మీటర్లు. సెంటినెల్‌లో పది మీటర్లు. మీ బీచ్ మొత్తమే అరవై మీటర్లుంటే ఆరు నెలల్లో జరిగే ఐదు మీటర్ల మార్పు అందులో కనిపిస్తుందా? ఇంకోటి చూడండి. బీచ్ వాలు ఇరవైకి ఒకటి, అంటే ఇరవై మీటర్లకి ఒక మీటరు దిగుతుంది అనుకుందాం. ఒక చిత్రం తీసిన వేళకీ ఇంకో చిత్రం తీసిన వేళకీ సముద్రమట్టం ఒక మీటరు తేడా ఉంటే నీటి అంచు ఎంత జరుగుతుంది? ఇరవై మీటర్లు! ఇసుక ఒక్క గింజ కూడా పోకుండానే ఇరవై మీటర్ల కోత అని మ్యాపులో ఎర్రరంగు వేసేస్తారు. ముప్పై ఏళ్ళలో గోస్తని ముఖద్వారం దగ్గర ఇసుక తిన్నె ఎటు జరిగిందన్న ప్రశ్నకి ఉపగ్రహం బాగుంటుంది. ఆరు నెలల ప్రశ్నకి పైపులే కావాలి.

ఏమ్మా, అడుగు... డ్రోనా? వద్దమ్మా. మనది నేవీ ఉన్న ఊరు. అనుమతి లేకుండా ఎగరేస్తే చాలా పెద్ద ఇబ్బంది అవుతుంది. అనుమతి తెచ్చుకునేలోపు నీ సెమిస్టర్ అయిపోతుంది.

ఎర్రమట్టి దిబ్బలు అన్నవాళ్ళు ముగ్గురున్నారు. 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. నేల కోత కొలవడానికి ఇనుప చువ్వలు దిగ్గొట్టి, ఎంత బయటపడిందో చూసే పద్ధతి పుస్తకాల్లో ఉంటుంది. అక్కడ అది చేయకండి. ఆ అంచులు చేత్తో తడితే రాలేంత మెత్తన. మనం కొలవబోయే కోతకి మనమే కారణం కాకూడదు. ఒకే చోట నిలబడి, ఒకే ఎత్తులో, ప్రతి వాన తర్వాతా ఫొటో తీయండి. చువ్వల పద్ధతి మీ సొంత పొలం గట్టు మీద చేసుకోవచ్చు. పెందుర్తి వైపు నుంచి వచ్చేవాళ్ళకి గెడ్డ ఉంది. పది మీటర్లు కొలుచుకుని కమలాపండు వదలండి, ఎన్ని సెకన్లకి దాటిందో చూడండి. పై నీరు లోపలి నీటి కంటే వేగంగా పోతుంది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించండి. వాన పడ్డ రోజు ఒడ్డున నిలబడే చేయాలి, గెడ్డలో దిగకూడదు.

ఇది గట్టిగా చెప్తున్నాను, వినండి. మన బీచ్‌లో సముద్రం లోపలికి లాగుతుంది. ఏటా పిల్లల్ని పోగొట్టుకుంటున్నాం. మీ వయసు పిల్లల్ని. ముగ్గురికి తక్కువ వెళ్ళొద్దు. నీళ్ళు పాదాలు దాటే చోట కొలత ఆపేయండి. చివరి అంకె లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, నేను ఒక్క మార్కు తగ్గించను. పైపు అలకి కొట్టుకుపోతే పోనివ్వండి. దాని వెనకాల ఎవరూ వెళ్ళకూడదు. ఎవ్వరూ.

ఈ శనివారం మధ్యాహ్నం కాళీమాత గుడి ఎదురుగా కలుద్దాం. అందరం కలిసి ఒక గీత కొలుద్దాం, రెండు టీములుగా, ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా. పైపులు నేను తెస్తాను. రేకు పళ్ళేలు, పెన్సిళ్ళు, ఒక స్టీలు టేపు మీరు తెండి. తలకి కట్టుకోవడానికి తుండుగుడ్డ కూడా తెచ్చుకోండి, ఆ వేళకి ఎండ బాగా ఉంటుంది.